అవ్వ బైబిలు అంచులు

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ చేసిన తప్పు ఇంకెవరికీ చెప్పుకోలేక రాస్తున్నాను.

ఆదిలాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర తోలు బైండింగ్ నేర్చుకుంటున్నాను. తోలు మీద వేడి ఇత్తడి అచ్చుతో పువ్వులు వేయడం చేతనయ్యాక, నీ బైబిలు విప్పి కొత్తగా కుట్టాను. కాగితాలన్నీ సమానంగా ఉండాలని పై అంచు కోశాను. రాలిన ముక్కల మీద నీ పెన్సిల్ అక్షరాలు కనిపించాయి.

"గివి మా అవ్వ ప్రార్థనలు ఉస్తాద్. అందరి పేర్లున్నయ్," అన్నాను.

"ఆగక్కా, ఇంక కొయ్యకు. మిగిలిన అంచులు ఎగుడుదిగుడుగనే ఉండనీ. అంచులు కప్పుకునేటట్టు అట్ట తోలు జర పెద్దగ కోద్దాం," అన్నాడు ఉస్తాద్.

నా పేరు ఏ అంచున రాశావో, అది మిగిలిందో పోయిందో, తెరిచి చూడటానికి భయంగా ఉంది. రేపు తోలు అతికించే ముందు ఆ ముక్కలనూ ఈ ఉత్తరాన్నీ అట్ట లోపల పెడతాను. నీ దగ్గరే దాచుకో అవ్వా, ఎవరికీ చూపకు.