లోపలికి జరిపిన వరుసలు

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. నా జలుబు కూడా క్షేమంగానే ఉంది, ఇద్దరం ఒకే గదిలో సర్దుకుంటున్నాం. నువ్వూ, నాన్నా, నీ పెద్ద కత్తెరా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఇప్పటికి నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు నవ్వుకుంటూ, నాలుగోసారి ఒక్కో మాట మీదా వేలు పెట్టి వెతుక్కుంటూ. ఆ నాలుగోసారి సంగతి నెమ్మదిగా చెప్తాను, ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు.

వేళకే తింటున్నాను. కిటికీలోంచి జల్లు కొట్టకుండా అట్టముక్క అడ్డం పెట్టాం. గదిలో ఉండే అక్క మంచిదే, కాకపోతే నేను రాసిన ప్రతి వాక్యాన్నీ పైకి చదివి వెక్కిరిస్తుంది. నాకీమధ్య మాటల పిచ్చి పట్టిందని ఆవిడ అందరికీ చాటింపు వేస్తోంది. నిజమే. నిన్న "అంచు" అన్న మాట దగ్గర అరగంట ఆగిపోయాను. గుడ్డకు అంచు, బల్లకు అంచు, గీతకు కూడా అంచేనట. ఇంత చిన్న మాట అన్ని పనులు ఎలా చేస్తోందమ్మా?

"లైబ్రరీలో పని అన్నావు, పుస్తకాలు సర్దుతున్నావా, దుమ్ము పడదు కదే నీకు" అని అడిగావు. ఈ లైబ్రరీలో దుమ్మూ లేదు, పుస్తకాలూ లేవు. కంప్యూటరులో బొమ్మలు గీయడానికి కావలసిన పనిముట్లన్నీ ఒకచోట పెట్టినదాన్ని గ్రాఫిక్స్ లైబ్రరీ అంటారు. నీ కుట్టుపెట్టె లాంటిదనుకో. కొందరు కలిసి దాన్ని తయారుచేసి, తాళం వేయకుండా నలుగురి మధ్య పెట్టారు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. ఏ పనిముట్టును ఎలా వాడాలో చెప్పే పేజీలు కొన్ని వందలున్నాయి. వాటిని డాక్యుమెంటేషన్ అంటారు. ఒక్కొక్కరు ఒక్కో కాలంలో రాయడం వల్ల అవి అతుకుల బొంతలా ఉన్నాయి. ఒకచోట శీర్షిక కొండంత, ఇంకోచోట చీమంత. వాటిని ఒక తీరుకు తేవడమే నా పని. చదువుకు తోడు పనికొస్తుందని నాకు నేనుగా ఒప్పుకున్నాను.

నేను బయలుదేరే ముందు నీ కొలతల పుస్తకానికి చేశానే, అలాంటిదే. నూనె మరకలూ, సుద్ద ముద్రలూ, అటూ ఇటూ పడిన వరుసలూ ఉన్న ఆ పాత పుస్తకాన్ని స్కేలు పెట్టి, రెండు రంగుల సిరాతో కొత్త పుస్తకంలోకి ఎక్కించాను కదా. నువ్వు దాన్ని మీ టైలరు షాపంతా తిప్పి చూపించావు. "మా పిచ్చుక రాసింది, చూడండి, ముత్యాలు!" అన్నావు. ఆ మాటే వెంటబెట్టుకుని వచ్చి ఇక్కడ పనిలో దిగాను.

ఇక్కడ ఎవరు ఏం మార్చినా చూసి ఒప్పుకునే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. నేనాయన్ని చూడలేదు, రాతలోనే పరిచయం. ఆయన ఊఁ అంటేగాని ఏదీ లోపలికి పోదు కాబట్టి మేమాయన్ని గడప మాస్టారు అంటాం. మూడు వారాలు కూర్చుని నూట నలభై పేజీలు సరిచేసి ఒకేసారి పంపాను. ఆయన "శుభ్రంగా ఉంది" అని రాశారు. ఆ రోజు నేను నేల మీద నడవలేదు.

మొన్న బుధవారం, క్లాసు అయిపోయి గదిలో అక్కా నేనూ ల్యాబులో కూర్చున్నాం. చదువరి ఒకరు రాసిన ఫిర్యాదు వచ్చింది. అది ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"మీ పేజీలో పిల్లిబొమ్మ పాఠం ఉన్నదున్నట్టే రాశాను. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. పిల్లి తల తిప్పింది. కళ్ళూ మీసాలూ మాత్రం గాల్లో ఉన్నచోటే ఉండిపోయాయి. మా పాప చూసి జడుసుకుంది. ఎనిమిది రోజులుగా తప్పు వెతుక్కుంటున్నాను. బహుశా ఈ వయసులో ఈ విద్య నాకు అబ్బదేమో. మానేద్దామనుకుంటున్నాను."

అక్క నా భుజం మీదుగా చదివి పకపకా నవ్వింది.

"ఏమే, పిల్లి కళ్ళు పీకేశావా?"

"ఒట్టక్కా, ఒక్క అక్షరం ముట్టుకోలేదు!"

"అక్షరం ముట్టుకోలేదు సరే. మరేం ముట్టుకున్నావు?"

"ఖాళీలు సర్దానంతే. ఖాళీలో ఏముంటుంది?"

"ఏమో తల్లీ, పిల్లినడుగు" అంది.

ఆ పేజీలో "తల" అన్న వరుస ఎడమ అంచుకు ఉండేది. దాని కింద "ఎడమ కన్ను", "కుడి కన్ను", "మీసాలు" కాస్త లోపలికి జరిగి ఉండేవి. నాకవి కుదురు లేకుండా నిలబడ్డ పిల్లల్లా కనిపించాయి. అన్నింటినీ లాగి అంచుకు చేర్చాను. గడప మాస్టారికి రాస్తే వెంటనే జవాబు వచ్చింది.

"దుమ్ము దులపమంటే గోడ కూడా దులిపేశావమ్మాయ్! ఆ ఖాళీని చూసే కంప్యూటరు ఏది దేనిలోదో తెలుసుకుంటుంది. లోపలికి జరిపి రాస్తే కన్ను తలలోది. బయటికి లాగేస్తే ఆ కన్ను ఎవరిదీ కాదు. తప్పు నాదీ ఉందిలే. నూట నలభై పేజీలు ఒక్కసారి చూసేసరికి నా కళ్ళూ గాల్లోనే ఉండిపోయాయి."

ఖాళీలు మళ్ళీ పెట్టాను. పైన ఒక వాక్యం చేర్చాను, లోపలికి జరిపిన వరుస తన పై వరుసకు చెందుతుందని. ఫిర్యాదు చేసినాయనకు "తప్పు మీది కాదు, నాది" అని రాశాను. ఆయన పిల్లి ఇప్పుడు కళ్ళతో సహా తల తిప్పుతోందట. అక్కడితో అయిపోవాలి కదా? అవలేదు. "ఈ విద్య నాకు అబ్బదేమో" అన్న మాట నన్ను వదల్లేదు. ఇలాంటి మాటే ఎక్కడో చదివాను, ఎక్కడ? గదికొచ్చి నీ ఉత్తరం తీశాను. అది నాలుగోసారి.

నువ్వు రాసింది నీకే మళ్ళీ రాస్తున్నాను. "ఈమధ్య కత్తెర నా మాట వినడం లేదే. పాత గిరాకీల కోట్లన్నీ భుజం దగ్గర బిగుస్తున్నాయి. హెడ్‌మాస్టరు గారిది రెండుసార్లు విప్పి కుట్టాం. కళ్ళు చూపించుకుంటే బాగానే ఉన్నాయన్నారు. చేతికే వయసొచ్చినట్టుంది. ఒకటో తారీకు నుంచి కటింగ్ బల్ల వదిలేసి కాజాలు కుట్టేచోట కూర్చుంటానని ఓనరు గారితో చెప్పేశాను." ఇరవై రెండేళ్ళుగా కటింగ్ మాస్టరువి, ఆ సంగతి ఒక్క పేరాలో ముగించి, కింద నా జలుబు గురించి అర పేజీ రాశావు.

అమ్మా, ఇప్పుడు అసలు సంగతి. నీ పాత పుస్తకం చిత్తుకాగితాల్లో వేసేశానని చెప్పాను కదా. అబద్ధం. అది నా పెట్టెలో ఉంది. నీకు చెప్పకుండా తెచ్చుకున్నాను. కొలతల కోసం కాదు, పక్కన నువ్వు రాసుకున్న మాటల కోసం. "ఎడమ భుజం కిందికి, ఆయనతో అనకూడదు." "నవ్వితే గుండీ తెగుతుంది, నవ్వించి కొలవాలి." "కొలిచేటప్పుడు ఊపిరి బిగబడతాడు, నమ్మొద్దు." ఇంత బాగా రాసే మనిషి మన ఇంట్లోనే ఉందని ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా. నేను ఎక్కించిన కొత్త పుస్తకంలో ఈ మాటలు ఒక్కటీ లేవు. అంకెలు మాత్రమే ఉన్నాయి. అన్నీ ఎడమ అంచుకు, వరుసగా, ముత్యాల్లా.

బుధవారం ఆ పాత పుస్తకం తెరిచాను. హెడ్‌మాస్టరు గారి పేజీలో పొడవూ నడుమూ అంచుకు ఉన్నాయి. భుజమూ చంకా బొటనవేలంత లోపలికి ఉన్నాయి. ఇంకో పేజీ తిప్పాను. అక్కడా అంతే. అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు నేను కటింగ్ బల్ల కింద గుడ్డపీలికలతో ఆడుకునేటప్పుడు, పైన నువ్వు కొలతలు చదువుకునేదానివి. కొన్ని అంకెల తర్వాత ఊరుకునేదానివి. కొన్నింటి తర్వాత "ఇంకో వేలు" అని గొణిగేదానివి. అదేదో పాట అనుకునేదాన్ని. లోపలికి రాసినవాటికి వేలెడు కలిపి కత్తిరించాలని నీ లెక్క, అంతేనా? అది నువ్వు ఎవరికీ చెప్పలేదు. నీకు నువ్వు కూడా చెప్పుకోలేదేమో, చేతికే తెలుసేమో. ఆ చెయ్యే నా పుస్తకం చూసి, అన్నీ అంచుకు ఉన్నాయి కాబట్టి ఏమీ కలపకుండా కోసేస్తోంది.

సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో తెలియడం లేదు. నేనొచ్చాక చేరిన కొత్తవాళ్ళ కొలతలు నువ్వే రాసుకుంటావు, వాళ్ళ కోటు ఒక్కటి కూడా బిగిసిందని నువ్వు రాయలేదు. అది చూస్తే నేననుకున్నదే నిజమనిపిస్తుంది. కానీ ఒక పేజీ మాత్రం ఏ లెక్కకూ లొంగడం లేదు. చివర్లో నా పేజీ ఉంది. ఆరేళ్ళప్పుడు ఒకటి, ఎనిమిదేళ్ళప్పుడు ఒకటి, పదేళ్ళప్పుడు ఒకటి. అందులో ఒక్క వరుస కూడా అంచుకు లేదు. మెడ, భుజం, చెయ్యి, పొడవు, అన్నీ లోపలికే. నా బట్టలన్నీ ఎప్పుడూ వదులుగా ఉండేవి, బస్తాలో వేసినట్టున్నానని నేను ఏడ్చేదాన్ని. నువ్వు "ఉండవే, సరిపోతుంది" అనేదానివి. ఎందుకమ్మా అన్నీ లోపలికి రాశావు?

మంచి పని అనుకుని చేసిందే నీ బల్లను నీ ముందునుంచి లాగేసింది. ఇప్పుడు ఏ పేజీ ముట్టుకోవాలన్నా చెయ్యి ఆగుతోంది. ఈ ఖాళీ ఉత్త ఖాళీయా, ఇందులో ఎవరి కన్నైనా ఉందా అని ప్రతిదాన్నీ అడుగుతున్నాను. గడప మాస్టారు మాత్రం "అడుగుతూ చెయ్యి, మానకు" అన్నారు.

ఈ ఉత్తరంతోపాటే పాత పుస్తకం పంపిస్తున్నాను. ఒకటో తారీకుకు ఇంకా తొమ్మిది రోజులుంది. ఓనరు గారితో ఒక్క కోటు గడువు అడుగు. హెడ్‌మాస్టరు గారి కొలతలు ఇందులోంచే చూసి కత్తిరించు. సరిగ్గా వస్తే నీ చేతికి వయసు రాలేదని ఓనరు గారి ముందే చెప్పు, తప్పు మా పిచ్చుకదని షాపంతా తిప్పి చెప్పు. ముత్యాలని చెప్పినంత గట్టిగానే చెప్పు. అప్పుడూ బిగిస్తే మళ్ళీ రాయి, మళ్ళీ వెతుకుతాను. పుస్తకం మొదటి కాగితం మీద నీ లెక్క ఏమిటో ఒక వాక్యం రాయబోయి ఆగిపోయాను. అది నువ్వే రాయాలి. ఆ పేజీ ఖాళీగా ఉంచాను.

నాన్నకు నమస్కారాలు. కింది రెండు వరుసలు కావాలనే లోపలికి జరిపి రాస్తున్నాను. స్కేలు జారి కాదు. ఎంత కలపాలో నీకే తెలుసు.

        ఇట్లు,
        నీ పిచ్చుక