ఎదురుకాళ్ళ కోడలు

ఏమండీ, సంగటి ఉట్టిమీద పెట్టాను, పప్పు వేడిచేసుకోండి. పొద్దున బిందె ఎత్తబోయి అత్తమ్మకు నడుం పట్టేసింది. ఆముదం కాచి పొయ్యి పక్కన పెట్టాను, మీరే రుద్దండి.

నేను తొక్కలేదు. గడప దగ్గర బోర్లా పడుకొని, "ఒక్కతూరి కాలు పెట్టమ్మే, పట్టు ఇడిసిపోతాది" అని పిలుస్తూనే ఉంది. ఎదురుకాళ్ళతో పుట్టినదాని కాలు తగిలితే పట్టు పోతుందని, పెళ్ళయి వచ్చిననాటి నుంచీ వీధిలోవాళ్ళ నడుములన్నీ నాతో తొక్కించింది. నడుం పట్టుకు నా కాలు మందు. నిన్న సీమంతంలో మీ చెల్లెలు పంకజాక్షికి గాజులు తొడగబోతే మాత్రం అందరి ముందూ నా చెయ్యి తోసేసింది. "నువ్వు తాకితే దాని బిడ్డ గూడా ఎదురుకాళ్ళతో వస్తాది" అంది. మీరు పక్కనే నిలబడి విన్నారు.

నాయుడుపేటకు, మా నాయన దగ్గరికి పోతున్నాను. పిలుచుకుపోవడానికి రావద్దు.

మరిచాను. పంకజాక్షి కోసం నేను ఏరి తెచ్చిన పచ్చగాజులు గూట్లో ఉన్నాయి, తొడగండి. ఎవరు తెచ్చారని అడిగితే నా పేరు చెప్పకండి. కడుపుతో ఉన్న పిల్ల, భయపడుతుంది.