చివరి ముక్క

డెల్బర్ట్ అన్నయ్యా,

నీ మాట విని నాన్న పడవ పోగొట్టాను. అందులో సగం నీది కనుక రాస్తున్నాను.

గురువారం పేకాటలో నాకు నాలుగు ఆటీన్లు కుదిరాయి. ఐదోది పడితే ఆట నాదే, పడకపోతే ఆ నాలుగూ ఎందుకూ కొరగావు. అలాంటప్పుడు పందెం పెంచి బెదరగొడితే ఎదుటివాడు ముక్కలు పారేస్తాడన్నావు, పారేయకపోయినా ఐదోది పడొచ్చన్నావు. పడవనే ఒడ్డాను. ఎదురుగా కూర్చున్న ముసలి ఆర్విల్ దగ్గర ఉన్నవి ఉత్త రెండు తొమ్మిదులు. అయినా పారేయలేదు. ఆటీనూ పడలేదు.

"నీకు భయం లేదా పెద్దాయనా?" అని అరిచాను.

"మా ఆవిడ లూర్లీన్ పోయాక నాకు ఇంట్లో ఏముందిరా? ఆ చివరి ముక్క చూడ్డానికే గురువారం గురువారం ఇంత దూరం బండేసుకొస్తా. నువ్వు కళ్లెర్రజేస్తే చూడకుండా పోతానా?"

ఇలాంటివాడు ఒకడుంటాడని ఎందుకు చెప్పలేదు?

ఆదివారం ఆ పడవలోనే క్యాడో చెరువులో చేపలకు తోడు రమ్మన్నాడు. తెడ్లు నేనే వెయ్యాలట.

నీ తమ్ముడు