తుంటి అరిగినవాళ్ళకి నిచ్చెనెందుకు

ఏమండీ,

అన్నం మూతపెట్టి ఉంచాను, వేడి చేసుకుని తినండి. నొప్పి ఎడమ తుంటికి కాబట్టి చేతికర్ర కుడిచేత్తో పట్టుకోవాలి, మళ్ళీ మర్చిపోకండి. పక్కకి తిరిగి పడుకుని కాలెత్తే వ్యాయామం చెయ్యండి. "గోడలకి రంగులేసేవాడికి వ్యాయామం దేనికే?" అని తప్పించుకోకండి. నొప్పికి జడిసి ఆ కాలిమీద బరువు మోపడం మానేశారు, అందుకే పిరుదు కండ నీరసించిందన్నాడు డాక్టరు. అడుగేస్తే ఒళ్ళంతా ఎడమకి ఒరిగిపోతోంది. అయినా ఆయనతో "కాస్త పట్టేసిందంతే" అంటారా?

నేను మేస్త్రీ ఇంటికి వెళ్తున్నాను. ఇక మీరు నిచ్చెన ఎక్కరని చెప్పేస్తాను. మీ నోట ఆ మాట రాదని నాకు తెలుసు. మీ నిచ్చెన పక్కింట్లో పెట్టాను, మీరడిగినా ఇవ్వొద్దన్నాను. కోపమొస్తే నా మీద చూపించండి, పడతాను.

ఇంకోమాట. ఇన్నేళ్ళూ మెట్లమీద మీ అడుగుల చప్పుడు వినే తలుపు తీసేదాన్ని. నిన్న ఎవరో కాలీడ్చుకుంటూ వస్తున్నారనుకుని గడియ పెట్టాను. "నేనేనే" అని మీరు పిలిచాక కూడా కాసేపు తీయలేకపోయాను.