ఇలోనా ఇంట్లో ఖాళీ గది

దెబ్రెత్సెన్,
జనవరి 27.

ప్రియమైన నాయనకు కూతురు దీవెన వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేను ఆరోగ్యంగా ఉన్నాను. నువ్వూ అమ్మా బాగున్నారనీ, జేజి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గిందనీ అనుకుంటున్నాను.

రోజు విడిచి రోజు ఫోను చేస్తూ మళ్ళీ ఉత్తరమెందుకని అమ్మ అంటుంది. ఫోను మోగగానే అమ్మ స్పీకరు పెడుతుంది. వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి నన్ను పలకరించి పోతారు. ఇందులో రాసేది నీ ఒక్కడికే. అందుకే కొరియర్‌లో పంపుతున్నాను. చేనికి తీసుకుపోయి అక్కడ చదువుకో.

పోయిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. మొదటిది చలి. బయటికి పోతే ముక్కులో తడి గడ్డకడుతుంది. రెండు జతల మేజోళ్ళు వేసుకున్నా కాలివేళ్ళు ఉన్నట్టు తెలియదు. జూలైలో వచ్చిన కొత్తలో ఇంతకన్నా కష్టపడ్డాను. ఎక్కడ దిగాలో తెలియక ఒకటో నంబరు ట్రాములో స్టేషను నుంచి యూనివర్సిటీకి, యూనివర్సిటీ నుంచి స్టేషనుకు రెండుసార్లు తిరిగాను. పాలు అనుకుని కొన్న డబ్బా విప్పితే పుల్లటి మజ్జిగ లాంటిది వచ్చింది. పారేయబుద్ధి కాక అన్నంలో కలుపుకుంటే బాగుంది. ఇప్పుడు అదే కొంటున్నాను. పొలాలు చూపడానికి మా సారు ఊరి బయటికి తీసుకుపోయాడు. మన దిగువ చేను మాదిరే నల్లనేల. గడ్డ పగలగొట్టి వాసన చూస్తే తోటి పిల్లలు నవ్వారు.

రెండోది చర్చి. పోతున్నాను. ఊరి నడుమ పసుపురంగు వేసిన పెద్ద చర్చి ఉంది. వీళ్ళు కూర్చుని పాడతారు, లేచి నిలబడి ప్రార్థన చేస్తారు. మొదట్లో నేను అన్నీ తలకిందులుగా చేసేదాన్ని.

మూడోది మండీ కేశవయ్య కొడుకు సంగతి. "కిరణ్‌కుమార్ ఆ ఊర్లోనే చదువుతాండాడంట. ఊరుగాని ఊరు. మన పిల్లోడే అనుకోని చూసుకో అమ్మా" అని రాశావు. ఫోనులో అడిగినప్పుడల్లా చూస్తున్నాననే చెప్పాను. అది అబద్ధం.

నేనుండేది ఇలోనా అనే ముసలామె ఇంట్లో. బడిలో వంట చేసి రిటైరయింది. అద్దెకిచ్చేవి రెండు గదులు. ఒకటి నాది, రెండోది ఖాళీ. సెప్టెంబరు చివర్లో కిరణ్ వచ్చేసరికి హాస్టళ్ళు నిండిపోయాయి. మన పత్తికొండ అమ్మాయి ఉందని ఎవరో చెబితే పెట్టెతో సహా మా గుమ్మం ముందుకొచ్చి, కేశవయ్య కొడుకునని చెప్పి నిలబడ్డాడు. అతనికి ఈ భాష ఒక్క ముక్క రాదు. రెండు నెలలు తరగతులకు పోయినందువల్ల నాకు కొంచెం వచ్చు. ఇలోనా అతన్ని పైకీ కిందికీ చూసి, "నీకు తెలిసిన అబ్బాయేనా?" అని నన్ను అడిగింది.

"తెలుసు. ఇంట్లోకి రానివ్వదగిన మనుషులు కారు" అన్నాను.

ఆమె తల ఊపి లోపలికి పోయింది.

"ఏమంటాండాది?" అన్నాడు కిరణ్.

"గది ఎవురికో మాటిచ్చినాదంట."

"నువ్వు ఇంకొకతూరి అడుగు. నాకు ఈడ ఎవురూ తెల్దు."

"అడుగుతాలే" అన్నాను. అడగలేదు.

ఇలోనాతో అన్న ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందో నీకు తెలుసు నాయనా. నాకప్పుడు పదకొండేళ్ళు. అమ్మ కూలికి పోయిందని, జ్వరంతో ఉన్న నన్ను టమోటా గంపలతోపాటు నువ్వు మండీకి తీసుకుపోయావు. ఉన్నట్టుండి వాన పట్టుకుంది. నన్ను ఎత్తి కేశవయ్య అంగడి అరుగు మీద నిలబెట్టావు. ఆయన కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు: "గాబ్రియేలూ, దించు ఆ పిల్లను. మిమ్మల్ని మెట్టెక్కనిస్తే ఇంట్లోకే వస్తారు." నువ్వు "తప్పయింది సామీ" అన్నావు. నన్ను వానలోకి దించావు. దించి ఊరుకోలేదు. నా తడికాళ్ళ గుర్తులు పడినచోట నీ తువ్వాలుతో తుడిచావు. మండీలో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు. ఆ రోజు నుంచి నేను చదివిన ప్రతి చదువూ ఆ మనిషి ముందు నిలబడడానికే చదివాను. స్కాలర్‌షిప్ వచ్చిన రోజు అందరూ దేవునికి స్తోత్రం చెబుతుంటే నేను ఆయన మొహాన్నే తలుచుకున్నాను.

అక్టోబరులో నీ ఉత్తరం వచ్చింది. అప్పుడైనా దిద్దుకుని ఉండొచ్చు. గది ఖాళీగానే ఉంది. కిరణ్ ఎనిమిదిమంది ఉన్న ఇరుకింట్లో నేల మీద పడుకుంటున్నాడు. ఆ ఇంటి యజమాని చిరునామా కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. ఆ సంతకం లేనిదే ఇక్కడ ఉండే అనుమతి రాదు. మళ్ళీ రెండుసార్లు వచ్చి, ఇలోనాను అడగమని నన్ను బతిమాలాడు. "అడిగినా, కాదంటాండాది" అని చెప్పి పంపించాను. అతను దగ్గుకుంటూ మెట్లు దిగి పోతుంటే కిటికీలోంచి చూశాను. నీకు నిజమే రాస్తాను, నాకు హాయిగా ఉండింది. రాత్రి కంటినిండా నిద్రపట్టింది. నీ ఉత్తరం చదివి నీ మీద కూడా కోపం వచ్చింది. వాళ్ళ పిల్లోణ్ణి చూసుకోమనడానికి నీకు నోరెలా వచ్చిందని.

అనుమతికి గడువు దాటిపోయింది. చదువు పోయింది, దేశం విడిచి పొమ్మన్నారు. నిన్న పొద్దున అతన్ని రైలెక్కించడానికి స్టేషనుకు పోయాను. తెలియకుండా పోతే అది తన కర్మ అనుకుంటాడు, నేను చేసిందని ఎవరికీ తెలియదు. అది నాకు చాలదు.

"కిరణ్, ఆ గది ఎవురికీ ఇయ్యలేదు. ఇప్పుడూ ఖాళీగానే ఉండాది" అన్నాను.

"ఆమె కాదన్నాది గదా?"

"ఆమె కాదు. నేనే వద్దని చెప్పినా."

మండీ సంగతంతా చెప్పాను. తువ్వాలు సంగతి కూడా. పెట్టె మీద కూర్చుని విన్నాడు.

"అదంతా నాకు తెల్దు" అన్నాడు.

"తెలవల్లనే చెప్తాండా."

"నేనేం చేసినా నీకు?"

ఇన్నేళ్ళుగా కేశవయ్యకు చెప్పాల్సిన మాటలన్నీ వరస పెట్టుకుని ఉన్నాను. అవన్నీ ఆయనకే, ఇతనికి కావు. రైలొచ్చింది. అతని పెద్ద పెట్టె ఒక్కడివల్ల కాకపోతే రెండోపక్క నేను పట్టుకున్నాను. ఎక్కాక తలుపు దగ్గర నిలబడి, "ముందు బెంగళూరులో మా అక్కింటికి పోతా. నెల పోయినాక పత్తికొండకు పోతా. మా నాయనకు ఏమని చెప్పల్ల?" అన్నాడు.

"జరిగిందే చెప్పు. గాబ్రియేలు కూతురు చేసినాదని చెప్పు."

"ఫోనులో చెప్పను. ఎదురుగా నిలబడి చెప్తా" అన్నాడు. తలుపులు మూసుకున్నాయి.

ఇంటికి వచ్చాక ఇలోనాకు కూడా ఉన్న సంగతి చెప్పాను. నాకు వచ్చిన నాలుగు మాటల్లో ఎంత అర్థమైందో తెలియదు. పక్క గది తలుపు తీసి, ఎవరూ పడుకోని ఆ మంచం వైపు చాలాసేపు చూసింది.

కేశవయ్య విషయంలో నాకు పశ్చాత్తాపం లేదు నాయనా. ప్రార్థనలో కూర్చున్నా రాలేదు. కిరణ్ విషయంలో రావాలని తెలుసు. వస్తున్నదేమో. నీ మాట కాదన్నందుకు మాత్రం నన్ను క్షమించు.

ఇకపై ఒక్క గంప కూడా ఆ మండీలో దింపొద్దు. సుబ్బయ్య మామ బండిలో మదనపల్లెకు పంపించు. కేశవయ్య మనింటికి వస్తాడు. వాకిట్లో నిలబడి అరుస్తాడు. నువ్వు చేతులు కట్టుకోవద్దు, తప్పయిందని అనవద్దు. తప్పు నాది. ఆ మాట అనాల్సిన రోజు వస్తే నేనే అంటాను, అదీ కిరణ్‌తో. ఆయనతో మన ఇంట్లో ఎవరూ ఇక అనరు.

ఇట్లు,
నీ పెద్దకూతురు
దీవెన