ఎర్ర చుక్క పెట్టిన తూటా

చిరంజీవి మీర్కాకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ క్షేమం, కుక్క క్షేమం, నా ఎడమ మోకాలు మాత్రం వాన రాబోతోందని నాకంటే ముందే పసిగట్టి మూలుగుతోంది. ఓస్ట్రావాలో వేళకు తింటున్నానని రాశావు. అమ్మ నమ్మలేదు. మార్టిన్ పండుగ విందుకి బాతు చెప్పి ఉంచింది. సెలవు దొరికితే రా. దొరక్కపోతే నీ వాటా కూడా నేనే తింటాను, తర్వాత ఏడవకు.

నువ్వు అడిగిన పిస్తోలు సంగతి ముందు చెబుతాను. డ్యూటీకి మీ పోలీసువాళ్ళిచ్చేది వాళ్ళిస్తారు సరే, సెలవు రోజున కూడా నడుముకు పెట్టుకు తిరగడానికి సొంతంగా ఏది కొనాలి అని మూడింటి ఫోటోలు పంపావు. మొదటి చిన్నది చూడటానికి ముద్దుగానే ఉంది. పేలిస్తే గాడిదలా తంతుంది, నీ చిటికెన వేలికి అందులో చోటు కూడా లేదు. మూడోది నిండా ఉక్కు. వారం రోజులు మోసి, నడుము నొప్పని సొరుగులో పడేస్తావు. సొరుగులో ఉన్న పిస్తోలు ఎంత గొప్పదైతే ఏం లాభం? మధ్యది చూడు. కళ్ళు మూసుకుని ఎత్తు, తర్వాత కళ్ళు తెరువు. గొట్టం కొసనున్న గురి ముల్లు నువ్వు చూసే చోటే ఉండాలి. పట్టు మార్చకుండా వేలు ట్రిగ్గర్‌కి అందాలి. దుకాణదారు "నీళ్ళలో ముంచి తీసినా పేలుతుంది మేడమ్" అంటాడు. నువ్వు చేసేది నీళ్ళలో ఉద్యోగం కాదని చెప్పు. ఏ తూటాలు పెట్టుకు తిరుగుతావో అవే రెండు వందలు, మధ్యలో తుడవకుండా, ఒక్కటీ ఇరుక్కోకుండా పేలాలి. ఇరుక్కుంటే నమస్కారం పెట్టి వచ్చెయ్.

ఇక రెండో సంగతి. ఫోన్లో చెప్పొచ్చు కానీ చెప్పలేకపోయాను, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ప్రమాణం చేసిన రోజు ఇచ్చిన మొదటి తూటాకి గోళ్ళ రంగుతో ఎర్ర చుక్క పెట్టుకున్నావని, రోజూ డ్యూటీ దిగేటప్పుడు దాన్ని బయటికి తీసి, పొద్దున్నే మళ్ళీ అదే మొదటగా ఎక్కిస్తావని మొన్న ఫోన్లో చెప్పావు. "అది మార్చెయ్యమ్మా" అన్నాను. నువ్వు నవ్వావు.

"చాదస్తం నాన్నా! అది నా అదృష్టం తూటా. స్ట్రాకా బాబాయ్ పిస్తోలు పేలక చనిపోయింది మురికి వల్ల, తూటా వల్ల కాదు. మాకు పోలీసు బడిలో ఆ పాఠమే చెప్పారుగా. నేను రోజూ సాయంత్రం తుడుస్తున్నాను. ఆయనలాగా బద్ధకం మనిషిని కాదులే."

ఆ మాటకి లైను కట్టయిందనుకున్నావు. కట్ కాలేదు. నేనే పెట్టేశాను.

అప్పటినుంచి, నాతో పనిచేసి పందొమ్మిదేళ్ళ కింద పోయిన స్ట్రాకా రోజూ వస్తున్నాడు. వంటింట్లో బల్ల అవతల, నువ్వు చిన్నప్పుడు కూర్చునే చోట కూర్చుని యాపిల్ చెక్కు తీస్తుంటాడు. టీ కెటిల్ మీట 'క్లిక్'మంటే తల ఎత్తి నన్ను చూస్తాడు. అమ్మ గేటు గొళ్ళెం వేసినా అంతే. ఇప్పుడు కెటిల్ వాడటం మానేసి గిన్నెలో నీళ్ళు కాచుకుంటున్నాను. ముసలాడికి మతి పోయిందని అమ్మ అనుకుంటోంది. భయంగా ఉంది మీర్కా. ఆయనంటే కాదు, నీ ఎర్ర చుక్కంటే.

మృతుల దినాన ఎప్పటిలాగే దీపం పట్టుకుని స్ట్రాకా సమాధికి వెళ్ళాను. ఆయన భార్య విల్మ అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని, సబ్బు నీళ్ళతో రాయిని రుద్దుతోంది.

"ఓల్డా, ఇలా వచ్చి చూడు. ఈ మూల నాచు ఉందా?" అని నన్ను పిలిచింది.

"లేదు విల్మా. అద్దంలా ఉంది."

"ఉంటుందిలే, నా కళ్ళకి ఆనడం లేదు. మొగుడు తుపాకీ తుడవలేదు, పెళ్ళాం రాయి తుడవలేదని ఊరు ఆడిపోసుకోదూ!"

పందొమ్మిదేళ్ళుగా ఆమె అలా రుద్దుతూనే ఉంది. నేను పక్కన నిలబడి దీపాలు వెలిగిస్తూనే ఉన్నాను. ఇక విను.

అప్పట్లో మా ఠాణాలో ఆయుధాల గది నాది. డ్యూటీ దిగినవాళ్ళు పిస్తోలు ఖాళీ చేసి ఇస్తారు, మర్నాడు నింపుకుంటారు. అందరూ నీలాగే బయటికి వచ్చిన తూటానే మళ్ళీ పైన పెడతారు. అది రోజూ గొట్టంలోకి దూసుకెళ్ళి దెబ్బ తింటుంది. కొన్ని వందల దెబ్బలకి దాని అడుగున నిప్పు రాజేసే మందు పొడిపొడి అయిపోవచ్చు. పైకేమీ కనబడదు. అందుకే మూడు నెలలకోసారి పాత తూటాలన్నీ కాల్పుల సాధనకి పంపి, కొత్తవి ఇవ్వడం నా పని. స్ట్రాకా పోయిన ఏడు సెప్టెంబరులో మన కొండవాలు మీద ద్రాక్ష ముందే పండింది. వాన వస్తుందన్నారు. కొత్త తూటాల పెట్టెలు విప్పకుండానే, రిజిస్టరులో 'మార్చడమైనది' అని సంతకం పెట్టి కోతకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చాక చేద్దాంలే అనుకున్నాను. వేసవిలో మార్చాల్సినవి కూడా అలాగే వాయిదా వేసి ఉన్నాను.

తర్వాతి సోమవారం పొద్దున పది గంటలకి, పెట్రోల్ బంకులో ఒక తాగుబోతు వేటతుపాకీ ఎత్తాడు. స్ట్రాకా ట్రిగ్గర్ నొక్కాడు. "క్లిక్‌మంది, అంతే" అన్నాడు బంకు మనిషి సాక్ష్యంలో. ఆ తూటాని తీసి పారేసి రెండోది ఎక్కించేలోపే వాడు కాల్చాడు.

పిస్తోలునీ ఆ తూటానీ పరీక్షకి నా చేతికే ఇచ్చారు. పిస్తోలు సుత్తి సరిగ్గా కొట్టకపోతే తూటా అడుగున సొట్ట లోతు తక్కువగా పడుతుంది. అప్పుడు తప్పు పిస్తోలుది. దీని మీద సొట్ట లోతుగా, నడిమధ్యన పడింది. పిస్తోలు తన పని తను చేసింది, తూటా చచ్చిపోయి ఉంది. అంటే తప్పు నాది. నేను దాన్ని జేబులో వేసుకుని, సాధనలో పేలకుండా మిగిలిన, సొట్ట తక్కువ పడిన ఇంకో తూటాని సాక్ష్యాల సంచీలో పెట్టాను. 'లోపల పాత నూనె గడ్డకట్టి ఉంది, వాడిన వ్యక్తి తుడవలేదు' అని రాశాను. నువ్వు బడిలో చదివిన పాఠం నేను రాసిందే తల్లీ. పెళ్ళాం పాత దిండు గలీబులు చింపుకొచ్చి మరీ పిస్తోలు తుడుచుకునేవాడు ఆ మనిషి. మా ఠాణాలో ఆయనంత శుభ్రమైనవాడు లేడు.

అగ్గిపెట్టెలో దాచిన ఆ తూటాని తీసుకుని నిన్న విల్మ ఇంటికి వెళ్ళాను. సూప్‌లోకి పిండి ముద్ద వత్తుతోంది. అంతా చెప్పాను. అప్పడాలకర్ర ఆగిపోయింది. ఒక్కటే అడిగింది.

"ఆయన పిస్తోలు శుభ్రంగానే ఉందా?"

"కొత్తదానిలా ఉంది విల్మా."

"ఉండదూ మరి! అవి నా గలీబులు."

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. తొట్టి కింద నుంచి బ్రష్షు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇన్నాళ్ళూ నేను రుద్దాను. ఇక నువ్వు పోయి ఆ సమాధి రాయి రుద్దు. ఎందుకు రుద్దుతున్నావని ఎవరైనా అడిగితే, అడిగిన ప్రతివాడికీ చెప్పు."

రేపు ఆదివారం. ప్రార్థన అయ్యాక ఊరంతా సమాధుల మీదుగానే ఇళ్ళకి పోతుంది. సరిగ్గా ఆ వేళకి అక్కడ ఉంటాను. జిల్లా కార్యాలయానికీ, మీ బడికీ ఉత్తరాలు ఈ ఉత్తరంతో పాటే పోస్టు డబ్బాలో వేస్తున్నాను. పింఛను ఆపుతారో, నన్ను పట్టుకుపోతారో తెలియదు. అమ్మకి ఇవాళ పొద్దున చెప్పాను. అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడలేదు, కానీ కెటిల్‌ని తీసుకెళ్ళి అటక మీద పెట్టింది.

ఇక నుంచి మీ ఠాణాలో ఎవరో ఒకరు "నువ్వు ఆ ఓల్డ్రిఖ్ కూతురివా?" అని అడుగుతారు. అవునంటావో కాదంటావో నీ ఇష్టం, నేనేమీ అనుకోను. ఈ ఉత్తరం మడిచేలోపు ఆ ఎర్ర చుక్క తూటా మాత్రం తీసెయ్.

ఇట్లు,
ఈ మాట చెప్పడానికి పందొమ్మిదేళ్ళు పట్టిన
మీ నాన్న