గబ్బిలం బొటనవేలు

ముసునూరు,
ఏప్రిల్ 27.

చిరంజీవి మనోజ్ఞకు అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నీ క్షేమం అడగడానికే నాకు మొహం చెల్లడం లేదు, ఎందుకో కింద రాస్తాను.

రసాలు కోతకొచ్చాయా అని అడిగావు. వచ్చాయి. పదహారేళ్ళలో నువ్వు లేని కోత ఇదే మొదలు. మొదటి పండు మెత్తగా పిసికి, కొస కొరికి, నీకిద్దామని వెనక్కి తిరిగాను. ఇంకెవరికీ పెట్టబుద్ధి కాలేదు, నాకూ తినబుద్ధి కాలేదు. ఎండాకాలం కూడా క్లాసులు పెట్టే ఆ విశాఖపట్నం హాస్టల్ మీద ఒళ్ళు మండింది. చేర్పించింది నేనే అనుకో.

గబ్బిలం రెక్కా సీతాకోకచిలుక రెక్కా చుట్టాలని పరీక్షలో రాసి మార్కులు పోగొట్టుకున్నావట, కింది సెక్షన్‌లో వేశారట. "రెండూ ఎగురుతాయి కదమ్మా, తేడా ఏంటి?" అన్నావు. పదో తరగతి దాటని అమ్మని అడగాల్సిన ప్రశ్నేనా అది! అయినా జవాబు మన తోటలోనే దొరికింది. మొన్న పొద్దున కాయల మీద కప్పిన వలలో ఓ గబ్బిలం చిక్కుకుంది. మన తోటకాపరి యలమంద దాన్ని గోనెసంచితో పట్టుకుని దారాలు కోస్తూ, "అమ్మగారూ, ఇది రెక్క కాదండీ, చెయ్యేనండీ! బొటనవేలు చూడండి" అన్నాడు.

చూశాను. మోచెయ్యి, మణికట్టు, బొటనవేలు, గొడుగు పుల్లల్లా సాగిన నాలుగు వేళ్ళు, మధ్యలో పల్చటి చర్మం. విడిపించగానే ఎగిరిపోయింది. ఇంటికొచ్చి నువ్వు వదిలి వెళ్ళిన నోట్సు తీశాను. మన చెయ్యి, గబ్బిలం రెక్క, తిమింగలం ఈత రెక్క, అన్నిట్లోనూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చిన ఎముకలేనట, పనులే వేరట. అది నిర్మాణ సామ్యం. సీతాకోకచిలుక రెక్కలో అసలు ఎముకే లేదు. పని ఒకటే గానీ చుట్టరికం లేదు, అది క్రియా సామ్యం. నీ అక్షరాల మీద వేలు పెట్టి చదువుతుంటే నీ పక్కన కూర్చున్నట్టే ఉంది. అందుకే మళ్ళీ చదివాను.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం చివర, "నాకు డాక్టర్ చదువు వద్దు. ఇక్కడ ఉండలేను. నాన్నకి చెప్పమ్మా, ఇంటికి తీసుకెళ్ళండి" అని రాశావు. ఉత్తరాలు నేను చదివితే వినడం మీ నాన్నగారికి అలవాటు కదా. ఆ మాటలు మింగేసి, "పిల్ల బాగా చదువుతోందట" అని మడిచేశాను. పద్దెనిమిది రోజులు దాచాను. నువ్వు డాక్టరు కావాలన్నది ఆయన కోరిక కాదు, నాది. నీ చెయ్యి అచ్చం నా చెయ్యే కాబట్టి, నేను చెయ్యలేకపోయిన పని అది చేస్తుందనుకున్నాను. అవే ఎముకలతో ఒకటి ఈదుతుంది, ఒకటి ఎగురుతుంది అని నీ నోట్సులో చదివేదాకా నాకు బుద్ధి రాలేదు. తప్పు చేశాను తల్లీ.

నిన్న ఆ ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. చదివి, "ఇన్నాళ్ళు ఎలా దాచావు సరోజా?" అన్నారు. లేచి వెళ్ళి కోతవాళ్ళకి ఆదివారం రావద్దని చెప్పారు.

ఆదివారం ఇద్దరం నీ దగ్గరికి వస్తున్నాం. ఇంటికి వస్తానంటే నీ పెట్టె నేనే మోస్తాను. చెప్పాలనుకున్నదంతా నాన్నగారికి నీ నోటితోనే చెప్పు. ఈసారి మధ్యలో నేనుండను.

ఇట్లు,
నిన్ను చూడాలని ప్రాణం కొట్టుకుంటున్న
మీ అమ్మ